వియ్యంకుడుగారి ఊరేది?

మా ఇంటిపేరే మా ఊరి పేరు. ‘మీ పూర్వీకులది ఏ ఊరండీ?’ అంటే తడుముకోనక్కర్లేదు. షికాగోలో పుట్టి పెరిగిన మా వియ్యంకుడుగారి సంగతి అలా కాదు. ఆయన తాత పోలండ్ నుంచి వచ్చాడని తెలుసు, ఏ ఊరి నుంచో తెలీదు. ఎనభయ్యో ఏట ఆయనకు ఆ బెంగ పట్టుకుంది. కోడలు వెతకడం మొదలుపెడితే, అక్కడికి వెళ్లిన నేనూ పక్కన చేరాను.

తాత 1907లో ఓడ దిగినప్పటి జాబితాలో దేశం ‘రష్యా’ అనీ, జాతి ‘పోలిష్’ అనీ ఉంది. ‘అయితే మేం రష్యన్లమా అత్తయ్యా?’ అంది కోడలు. (ఆ పిల్లకొచ్చిన తెలుగు ‘అత్తయ్యా’ ఒక్కటే!) రష్యన్లు కారు. 1795 నాటికి రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పోలండ్‌ను మొత్తం పంచేసుకున్నాయి. 1918లో గానీ అది మళ్లీ స్వతంత్ర దేశం కాలేదు.

అందుకే ఈ వెతుకులాట పోలండ్‌లో కాదు, ఇంట్లోనే మొదలుపెట్టాలి. పాత ఉత్తరాలు, ఫొటోల వెనక రాతలు, చర్చి పెళ్లి రికార్డు, పౌరసత్వ దరఖాస్తు. 1906 తర్వాతి దరఖాస్తుల్లో పుట్టిన ఊరు అడిగేవారు. మాకు అందులోనే దొరికింది: వోమ్‌జా ప్రాంతం, దొంబ్రోవా. దొంబ్రోవా అంటే ఓక్ చెట్ల తోపు. మన కొత్తపల్లిలాగా ఎక్కడ చూసినా ఆ పేరే! బాప్టిజం రాసేది చర్చిలో కాబట్టి ఊరు ఏ పారిష్ కిందికొస్తుందో పట్టుకోవాలి. పోలండ్ ఔత్సాహికులు నెట్‌లో ఉచితంగా పెట్టిన ‘గెనెటెకా’ సూచికలో ఒక్కో పారిష్ గాలిస్తూ పోతే, నాలుగో వారానికి తాత కనిపించాడు. ఆయన ఇంటిపేరు చివర ‘స్కీ’, అక్కచెల్లెళ్లకైతే ‘స్కా’.

అది 1886 నాటి నమోదు. అక్కడ 1868 నుంచి రష్యన్‌లోనే రాయాలని నిబంధన. తెలిసినవాళ్లతో అనువాదం చేయించుకున్నాం. మన జనన ధ్రువపత్రంలా గళ్లు నింపిన కాగితం కాదది, చిన్న కథ. ఫలానా రోజు మధ్యాహ్నం రెండింటికి ముప్ఫయ్యేళ్ల రైతు ఇద్దరు సాక్షులతో వచ్చి మగబిడ్డను చూపించాడు. బిడ్డ తల్లి అతని ధర్మపత్ని. ఆమె పేరు, వయసు, పుట్టింటి పేరు. వచ్చినవారికి చదువు రాదు కనుక చదివి వినిపించి, మేమే సంతకం చేశాం...

కోడలు చదువుతుంటే వియ్యంకుడుగారు ఆపారు. ‘ఆవిడ పుట్టింటి పేరు మళ్లీ చదువమ్మా’ అన్నారు. ఆ పేరు ఆయన అంతవరకూ వినలేదు. ఇప్పుడు దాన్ని పట్టుకుని ఇంకో తరం వెనక్కి వెళ్తున్నారు.

ఇంటికొచ్చాక మనవడి కోసం మా వంశవృక్షం తీశాను. తొమ్మిది తరాలు, అందరూ మగవాళ్లే. మా నాన్నమ్మ వాళ్లమ్మ ఎవరింటి ఆడపడుచో చెప్పగలిగింది తెనాలిలో ఉన్న మా మేనత్త ఒక్కతే. ఆవిడకు తొంభై దాటాయి. రేపు పొద్దున్నే బస్సెక్కుతున్నాను.