సెలైన్ సూదిలో ఫిజిక్స్

ఫార్మసీ పిల్లలకి ఫిజిక్స్ ఎక్కదంటారు. బైపీసీ నుంచి వచ్చినవాళ్లకి లెక్కలంటే బెదురు, నిజమే. మొదటి సెమిస్టర్లో వాళ్లకి రెమెడియల్ మ్యాథమెటిక్స్ పెట్టింది అందుకే కదా. కానీ వాలుతలం మీద జారే దిమ్మెతో వాళ్లకేం పని చెప్పండి?

పాయిజల్ సూత్రం చెప్పి చూడండి. ఆయన డాక్టరే. 1840ల నాటికే సన్నటి గాజు గొట్టాల్లో ద్రవాలు ఎలా పారతాయో ఓపిగ్గా కొలిచాడు. పీడనం, పొడవు మారకుండా గొట్టం వ్యాసార్థం సగమైతే ప్రవాహం సగం కాదు, పదహారో వంతుకి పడిపోతుంది! యాక్సిడెంట్ కేసు రాగానే నర్సులు లావు క్యాన్యులా ఎందుకు వెతుకుతారో అక్కడ తేలిపోతుంది. గుండె రక్తనాళం కాస్త సన్నబడితే అంత గొడవెందుకో కూడా. (రక్తం అచ్చం నీళ్లలా పారదు, ఆ పేచీ తర్వాత.)

ఇక స్టోక్స్ సూత్రం. సస్పెన్షన్ మందులో రేణువు సైజు సగం చేస్తే, అది అడుక్కి దిగే వేగం నాలుగో వంతవుతుంది. ఎంత నూరినా చివరికి దిగుతుంది కాబట్టే సీసా మీద ‘బాగా కుదిపి వాడండి’ అని రాస్తారు.

“మరి మామూలు సిరప్ కుదపక్కర్లేదేం సార్?” అన్నాడు క్లాసులో వెనక బెంచీవాడు.

“అందులో మందు కరిగిపోయుంటుంది కదరా!” ముందు బెంచీ నుంచి ఓ అమ్మాయి. నేను సుద్దముక్క పక్కన పెట్టేశాను.