అమ్మ మల్లె

1959లో భిలాయిలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగాక, పని కోసం ఉత్తరాంధ్ర నుంచి ఎందరో ఇక్కడికి వచ్చారు. మా నాన్న కూడా అలాగే శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చాడు. ఆయన వెనుక వచ్చిన అమ్మ ఒక మల్లె అంటును డాల్డా డబ్బాలో పెట్టి తెచ్చుకుంది. క్వార్టరు మనది కాదు, ఎప్పటికైనా ఖాళీ చెయ్యాలి కనుక దాన్ని నేలలో నాటనివ్వలేదు. డబ్బాలోంచి కుండీలోకి, కుండీలోంచి పెద్ద కుండీలోకి మారుతూ వచ్చింది.

అమ్మ పోయాక మూడేళ్లు ఆ చెట్టుకు కత్తెర పెట్టలేకపోయాను. ఆమె చేత్తో కత్తిరించి పెంచిన కొమ్మలు పోతే ఆమె గుర్తు పోతుందని భయం. చెట్టు గుబురుగా పెరిగింది. పూలు మాత్రం నాలుగైదుకు దిగాయి. మల్లె కొత్త చిగుళ్లకే మొగ్గ తొడుగుతుంది. పాత కొమ్మల్ని దాచుకుంటే మిగిలేది కట్టే.

కిందటి జనవరిలో వారం రోజులు నీళ్లు తగ్గించి, కత్తెరను స్పిరిట్‌తో తుడిచి కూర్చున్నాను. ముందు ఎండినవి తీశాను. తర్వాత ఒకదానికొకటి రాసుకునేవి. మిగిలినవాటిని సగానికి, బయటివైపు చూసే కణుపుకు కాస్త పైన, ఏటవాలుగా కోశాను. కొమ్మ కొన ఉన్నంతకాలం పక్క కణుపుల్ని లేవనివ్వదు. కొన పోతే అవి మేలుకుంటాయి. పైమట్టి తీసి పశువుల ఎరువు వేశాను.

మర్నాడు అక్క వచ్చి ఆ మోడును చూసి ఏడ్చేసింది. "అమ్మ చెట్టుని ఇలా నరికేసినావేటే?" లా చదివి, ఎందరి తగాదాల్లోనో మాట్లాడినదాన్ని, అక్కకు జవాబు చెప్పలేకపోయాను.

ధమ్మపదంలో తృష్ణను వేరు చెడని చెట్టుతో పోల్చారు. కొట్టినా మళ్లీ లేస్తుందని అక్కడది హెచ్చరిక. ఆ రాత్రి నాకదే ధైర్యమైంది, వేరు జోలికి నేను పోలేదు కనుక. మూడేళ్లు నా చెయ్యి పట్టి ఆపిందేమిటో కూడా అప్పుడే తెలిసింది.

ఫిబ్రవరి చివర మోడు నిండా చిగుళ్లు. ఏప్రిల్ 14న బాబాసాహెబ్ చిత్రం ముందు పెట్టడానికి దోసెడు పూలు కోశాను. వానల్లో ఒక కింది కొమ్మను పక్క కుండీలోకి వంచి అంటు తొక్కాను. వేరు పట్టింది. దాన్ని అక్కకిచ్చాను.

దాని దగ్గర కత్తెర మాట ఎత్తనివ్వడం లేదు. జనవరి దాకా ఆగుతాను.