నోటీసు బోర్డు మీద పిన్నిగారు

మా అపార్ట్‌మెంట్‌లో ఇరవై వాటాలు. కింద మెట్ల పక్కన ఒక నల్లబోర్డు ఉంది. మోటారు రిపేరు, ఆదివారం మీటింగు, మేడ మీద వడియాలు పెట్టినవారు ఆ రాళ్ళు తీయవలెను... ఇలాంటి వార్తలన్నీ దాని మీదే. 2016లో అసోసియేషన్ సెక్రటరీ మావారు. ఆయన పొద్దున ఎనిమిదింటికి వెళితే మళ్ళీ రాత్రికే రావడం. అందుకని పేరు ఆయనది, పని నాది. ముగ్గులు వేసిన చెయ్యి కదా, అక్షరం గుండ్రంగా ఉంటుందని బోర్డు రాయడం కూడా నాకే అప్పగించారు.

ఆ ఏడు వేసవి హైదరాబాదులో ఉన్నవాళ్ళెవరూ మర్చిపోరు. సింగూరు, మంజీరా ఎండిపోయాయి. మా బోరు ఏప్రిల్‌లోనే గాలి తోడడం మొదలుపెట్టింది. రోజు విడిచి రోజు ఐదువేల లీటర్ల ట్యాంకరు తెప్పించాం. నెలవారీ మెయింటెనెన్సు కాక ట్యాంకరు డబ్బు వేరే. సగం మంది ఇవ్వరు. మే నెల మీటింగులో మగవాళ్ళంతా కలిసి తీర్మానించారు: బాకీ ఉన్నవాళ్ళ వాటా నంబర్లు బోర్డు మీద ఎక్కించాలని.

నేనే రాశాను. ఎర్ర సుద్దతో, పెద్ద అక్షరాలతో. "302 - మూడు నెలలు" అన్నది అందరికంటే పైన ఉంది.

మర్నాటి నుంచి బాకీలు వచ్చి పడ్డాయి. నేనూ లోలోపల మురిసిపోయాను. వారం తిరిగాక వాచ్‌మన్ భార్య అంది, "అమ్మా, మూడో అంతస్తు అమ్మగారు పంపు తిప్పటంలేదు. రెండు బిందెలు చాలంటున్నారు. బాకీ ఉన్నదాన్ని ఎక్కువ వాడితే బాగుండదంట."

గుండె కలుక్కుమంది. 302లో ఉండేది పిన్నిగారు ఒక్కరే. బాబాయిగారు సంక్రాంతి వెళ్ళాక పోయారు. పన్నెండో రోజు భోజనానికి ఇరవై వాటాలవాళ్ళమూ వెళ్ళాం. ఆ తర్వాత ఆవిడకు ఎలా గడుస్తోందని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. నాతో సహా.

సాయంత్రం పైకి వెళ్ళాను. ఆవిడ కాఫీ ఇచ్చి, నవ్వుతూనే అన్నారు, "నీ దస్తూరీ ముత్యాలేనమ్మా. మెట్ల మీద నుంచే చదువుకోవచ్చు."

తల ఎత్తలేకపోయాను.

సంగతేమిటంటే, బాబాయిగారి పింఛను పుస్తకంలో ఆవిడ పేరు ఒకలా ఉంది, ఆధార్‌లో ఇంకోలా ఉంది. పెళ్ళయిన కొత్తలో అత్తగారు మార్చిన పేరు ఒకచోట, పుట్టింటి పేరు ఒకచోట. ఇద్దరూ ఒకరేనని కాగితాలు తెచ్చేదాకా కుటుంబ పింఛను మొదలవలేదు. మీ ఇంట్లో పింఛనుదారులుంటే, ఇద్దరూ ఉండగానే ఆ పుస్తకంలో భార్య పేరు ఎలా ఉందో ఒకసారి చూసుకోండి. ఇది పిన్నిగారు చెప్పమన్న మాట.

కిందికి వచ్చి బోర్డు తుడిచేశాను. ఆదివారం మీటింగుకి మొదటిసారి నేనూ వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. "రూలంటే రూలండీ," అన్నారొకాయన. "అసోసియేషన్ జమాఖర్చులు బోర్డు మీద పెట్టండి, అవి అందరివీ. ఒక ఇంటి ఇబ్బంది మాత్రం గోడకెక్కించకండి. బాకీ అడగాలంటే నేనే తలుపు తట్టి అడుగుతాను," అన్నాను. గొంతు వణికింది కానీ ఆగలేదు. మావారు నా వంక వింతగా చూశారు. చివరికి సరేనన్నారు.

తలుపులు తట్టడం మొదలుపెట్టాకే అసలు వార్తలు తెలిశాయి. ఒకరింట్లో ఉద్యోగం పోయింది, ఇంకొకరింట్లో ఆపరేషను. నిజంగా ఎగ్గొట్టేవాళ్ళు ఇద్దరే తేలారు. వాళ్ళను వదల్లేదనుకోండి!

పిన్నిగారు ఒకప్పుడు ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. జూన్‌లో తొలి వానలు పడే ముందు ఆవిడే వచ్చి సుద్ద అడిగి పుచ్చుకున్నారు. "చదరపు మీటరు మేడ మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీళ్ళు. మన మేడ 300 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వానకు 6,000 లీటర్లు. ట్యాంకరు కన్నా ఎక్కువే కాలవ పాలవుతోంది" అని రాశారు. ఆ లెక్క చూశాకే మగవాళ్ళు కదిలారు. మేడ గొట్టాలన్నీ కలిపి, కంకర, ఇసుక పోసి ఇంకుడు గుంత తవ్వించారు.

శ్రావణమాసంలో పింఛను బకాయిలతో సహా వచ్చింది. పిన్నిగారు తాంబూలంతో పాటు బాకీ మొత్తం పైసలతో సహా నా చేతిలో పెట్టారు. రసీదు రాసిచ్చాను. ఈసారి చిన్న అక్షరాలతోనే.

మీ మెట్ల పక్కనా అలాంటి బోర్డు ఉండే ఉంటుంది. దాని మీద పేరు రాసే ముందు ఒక్కసారి ఆ తలుపు తట్టి చూడండి.