కలకత్తా మెచ్చిన చేదు

కలకత్తా గెజెట్ పత్రిక 1784లో మొదలైంది. ఆ ఏడాదే అందులో లండన్ పోర్టర్, పేల్ ఏల్ బీర్లు అమ్మకానికి ఉన్నాయని ప్రకటన పడింది. చల్లబరిచే యంత్రాలు లేని రోజులవి. బెంగాల్ ఉక్కలో బీరు పులియబెడితే పాడవడమే. అందుకే తెల్లదొరల బీరు ఓడల్లో హుగ్లీ రేవుకు వచ్చేది.

లండన్‌లో జార్జ్ హాడ్జ్‌సన్ నడిపిన బో బ్రూవరీ, ఈస్టిండియా కంపెనీ ఓడలు నిలిచే బ్లాక్‌వాల్‌కు దగ్గర. ఓడ కెప్టెన్లకు సొంత వ్యాపారం చేసుకునే వీలుండేది. హాడ్జ్‌సన్ వాళ్లకు పద్దెనిమిది నెలల దాకా అరువిచ్చాడు. గుడ్‌హోప్ అగ్రం చుట్టి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి రావడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పట్టేది. చేదునిచ్చే హాప్స్ పూలు దండిగా వేసిన బీరు ఆ దూరాన్ని తట్టుకుంది. పీపాల్లో ఊగుతూ మాగి, తేటగా దిగింది. హాడ్జ్‌సన్ దీన్ని కొత్తగా కనిపెట్టాడన్న కథను నమ్మనక్కర్లేదు. ఇలాంటి బీరు ఇంగ్లండులో అంతకుముందే ఉంది. దానికి గిరాకీ తెచ్చి, పేరు నిలబెట్టింది మాత్రం కలకత్తాయే.

తర్వాత బో బ్రూవరీ వారసులు కెప్టెన్లను పక్కనపెట్టి లాభమంతా తామే దక్కించుకోబోయారు. ఒళ్లుమండిన కంపెనీ డైరెక్టర్ క్యాంప్‌బెల్ మార్జోరీబ్యాంక్స్ 1822లో బర్టన్ ఊరి శామ్యూల్ ఆల్సప్‌ను అలాంటి బీరు చేయమని పురమాయించాడు. బర్టన్ నీళ్లలో జిప్సం ఎక్కువ కాబట్టి అక్కడి బీరులో హాప్స్ చేదు బాగా తేలింది. కొద్ది ఏళ్లలోనే కలకత్తా సంత బర్టన్ వైపు తిరిగింది.

రేవులో దిగిన బీరును తాగేలా చేసినవాడు ఆబ్దార్. దొరల ఇళ్లలో పానీయాలు చల్లబరచడమే అతని ఉద్యోగం. నీళ్లలో సురేకారం కలిపితే అది కరుగుతూ నీటిలోని వేడిని లాగేస్తుంది. ఆ నీళ్లలో సీసాను చాలాసేపు తిప్పుతూ ఉండాలి. మండువేసవిలో, చేతి నేర్పుతో చల్లదనం పుట్టించేవాడు! 1833 సెప్టెంబరులో టస్కనీ అనే ఓడ బోస్టన్ నుంచి చెరువు మంచు మోసుకొచ్చింది. 180 టన్నులతో బయల్దేరితే సుమారు వంద టన్నులు మిగిలాయి. గవర్నర్ జనరల్ బెంటింక్ ఆ మంచు తెచ్చినాయనకు బంగారు పూత వెండి కప్పు బహూకరించాడు. అన్నేళ్లు చల్లబరిచిన ఆబ్దార్లకు అలాంటి గౌరవం ఎవరిచ్చారు?

ఇప్పుడు కోల్‌కతా మైక్రోబ్రూవరీలు ఊళ్లోనే బీరు తయారుచేస్తున్నాయి. తమ గోడల మీద హాడ్జ్‌సన్, ఆల్సప్‌ల కథ రాసుకోదలిస్తే రాసుకోనివ్వండి. దానికి పైన ఆబ్దార్ల కథ రాయాలి.