ఆమేన్ అనుటకు ముందు

కొన్ని సంవత్సరముల క్రిందట సిద్దిపేటలో ఒక బోధకుడు మూడు రాత్రులు కూటములు జరిపెను. కంఠము మధురము, వాక్యములన్నియు కంఠోపాఠము. మూడవ రాత్రి అతడు ప్రార్థించిన నూనె సీసాలు అమ్మించి, మందు పుచ్చుకొనుట అవిశ్వాసమని పలికెను. అందరితోపాటు నేనును ఆమేన్ అంటిని.

నా తరగతిలోని యొక బాలుని తండ్రి క్షయరోగి. ఆరు మాసములు ఎడతెగక పుచ్చుకొనవలసిన మందును ఆయన మరునాడే మానివేసెను. "అయ్యగారూ, మీరును ఆమేన్ అంటిరి గదా?" అని బాలుడు అడిగెను. నాకు నోట మాట రాలేదు.

బెరయవారు పౌలు బోధను సైతము దినదినము లేఖనములతో సరిచూచిరి. పిల్లల లెక్కలు రెండుమారులు దిద్దు నేను ఈతని మాటను ఒక్కమారైనను సరిచూడనైతిని! మీకా గ్రంథము 3వ అధ్యాయము తెరచితిని. తమకు తిండి పెట్టువారిని దీవించి, పెట్టనివారిపై కత్తికట్టు ప్రవక్తల సంగతి అందే యున్నది. మన పొరుగుననున్న మెదకు దేవాలయమును పోస్నెట్ దొరగారు కరవుకాలమున బీదలకు పనియు తిండియు ఇచ్చి కట్టించిరి. 1924 డిసెంబరు 25న దాని ప్రతిష్ఠ జరిగెను. వారు బీదలకు ఇచ్చిరి. ఇతడు బీదలయొద్ద పుచ్చుకొనెను. ఇంత తేటయైన భేదము నా కంటికి ఆనకపోయెను.

ఆ సాయంకాలమే వారి యింటికి పోయి, నేను పొరబడితినని ఆ తండ్రితో చెప్పితిని. పౌలు వెంటనుండిన లూకా వైద్యుడే యని కొలొస్సయులకు వ్రాసిన పత్రికలో చూపితిని. ఆయన చాలసేపు పలుకలేదు. పిదప బాలుడు గూటిలోనుండి మందుపొట్లము తెచ్చి తండ్రి చేతిలో నుంచెను.