ఎస్‌ఎన్‌సీయూలో పసికందుల చర్మం

పుట్టిన బిడ్డ ఒంటికి వెన్నలా అంటుకుని ఉండే తెల్లని జిడ్డు పొర పేరు వెర్నిక్స్. చర్మంలోని తేమ ఆరిపోకుండా, సూక్ష్మజీవులు చొరబడకుండా అది కాపాడుతుంది. అందుకే ఆంధ్రప్రదేశ్‌లోని ఒక జిల్లా ఆసుపత్రి ఎస్‌ఎన్‌సీయూలో, అంటే నవజాత శిశువుల ప్రత్యేక చికిత్సా విభాగంలో, కాన్పు గది నుంచి వచ్చిన బిడ్డను మెత్తని పొడి బట్టతో తడి అద్ది వదిలేస్తారు. రుద్ది కడగడం ఎక్కడా కనిపించలేదు. మొదటి స్నానానికి కనీసం 24 గంటలు ఆగాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు.

చెప్పులు విడిచి, గాజులూ ఉంగరాలూ తీసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోనిదే ఎవరినీ లోపలికి పంపరు. వార్మర్ల కింద పడుకున్నవారిలో నెలలు నిండకుండా పుట్టినవారిని చూస్తే ఈ కట్టుబాటు ఎందుకో తెలుస్తుంది. చర్మం ఎర్రగా, నిగనిగలాడుతూ, కింది రక్తనాళాలు కనిపించేంత పలచగా ఉంటుంది. పైపొర ఇంకా గట్టిపడలేదు. దానిలోంచి నీరు ఆవిరైపోతుంది, నీటితో పాటు ఒంటి వేడీ పోతుంది. ఆ వేడిని 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య నిలపడమే వార్మర్ పని. సెలైన్ సూదిని పట్టి ఉంచే ప్లాస్టర్‌ను లాగితే పైపొర దానితోనే ఊడి రావచ్చు. కాబట్టి ముందు తడిపి, మెల్లగా ఒలుస్తారు. ఆక్సిజన్ కొలిచే ప్రోబ్‌ను ఒకే పాదానికి వదిలేయకుండా కొన్ని గంటలకోసారి మారుస్తారు.

పైన పూసింది లోపలికి పోవడం ఇంకో చిక్కు. బరువుతో పోలిస్తే పసిబిడ్డకు చర్మ వైశాల్యం చాలా ఎక్కువ. 1972లో ఫ్రాన్స్‌లో ఒక పౌడర్‌లో హెక్సాక్లోరోఫిన్ అనే క్రిమినాశక మందు పొరపాటున మోతాదుకు మించి కలిసి, 36 మంది పిల్లలు చనిపోయారు. అయోడిన్ మందు సైతం చర్మం గుండా వెళ్లి థైరాయిడ్‌ను దెబ్బతీయగలదు. ఇంట్లో కనిపించిన ప్రతి క్రీమూ పూసేవారికి ఈ సంగతి ముందుగా చెప్పాలి.

పక్క గదిలో తల్లులు వాలు కుర్చీల్లో కూర్చుని, బిడ్డను రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా కట్టుకుని ఉన్నారు. 1970ల చివర్లో కొలంబియాలోని బొగోటాలో మొదలైన ఈ కంగారూ సంరక్షణకు యంత్రం అక్కర్లేదు. బిడ్డ ఒళ్లు వెచ్చగా ఉంటుంది, ఆసుపత్రి క్రిములకు బదులు తల్లి చర్మం మీది క్రిములు ముందుగా చేరతాయి.

అన్నిటికన్నా ఎక్కువ సమయం తీసుకునేది డిశ్చార్జి రోజు మాటలే. ఒక అమ్మమ్మ చెవిలో నూనె చుక్కల గురించి అడిగింది. "చెవిలో, ముక్కులో ఏమీ వెయ్యొద్దమ్మా" అంది సిస్టర్. "మా రోజుల్లో అందరికీ వేసేవాళ్లం కదమ్మా!" అని ఆమె జవాబు. సిస్టర్ వాదించలేదు. వంటికి నూనె మర్దనా చేసుకోవచ్చని మాత్రం చెప్పింది. నెలలు నిండిన బిడ్డకు, చర్మం చిట్లకుండా ఉంటే, కొబ్బరి నూనె మెల్లగా రాయడంలో తప్పులేదు. నలుగు పిండితో గట్టిగా రుద్దడం మాత్రం పలచని పైపొరను గీరేస్తుంది. సాంబ్రాణి పొగ, పౌడరు దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాటుకలో సీసం ఉండే అవకాశం ఉంది. బొడ్డుకు పసుపు, బూడిద ఏదీ పెట్టకూడదు, పొడిగా ఉంచితే తనంతట తానే ఊడిపోతుంది. మామూలు సబ్బుకు క్షారగుణం ఎక్కువ కాబట్టి రోజూ వాడక్కర్లేదు. నీళ్లు మోచేతికి గోరువెచ్చగా తగిలితే చాలు. డైపర్ తడిసిన వెంటనే మార్చి, తొడల మడతలు ఆరనిస్తే ఒరుపు రాదు. వచ్చినా జింక్ ఆక్సైడ్ పూత సరిపోతుంది.

రెండో మూడో రోజున వచ్చే ఎర్రని దద్దుర్లు, ముక్కు మీది తెల్లని చుక్కలు, నడుము కింది నీలి మచ్చలు జబ్బులు కావు. వేసవిలో చెమటకాయలకు గాలి, పలచని నూలు బట్టే మందు. చీము పొక్కులు లేచినా, బొడ్డు చుట్టూ ఎర్రబడి వాచినా, అరచేతులూ అరికాళ్లూ పసుపు పచ్చగా మారినా, దద్దుర్లతో పాటు జ్వరం వచ్చినా, బిడ్డ పాలు మానేసినా అదే రోజు వెనక్కి తీసుకురావాలి.