మా యింటి వెండితెర

వస్తువును సంపాదించుటకు ధనము చాలును; దాని నెన్నుకొనుటకు మాత్రము వివేకము కావలయును. ఎన్ని వస్తువు లున్నవో తెలిసికొనుటతోనే యీ వివేకము పూర్తికాదు. ఆ వస్తువు ఎవరి కొఱకో యెఱిఁగియుండుట దానిలో ముఖ్యభాగము. చలనచిత్రములను జూచుటకై మా యింటి కంప్యూటరునకుఁ దగిన సాఫ్టువేరు నెన్నుకొనునప్పు డీ సంగతి నాకు బోధపడినది. దానిని సోదర విద్యార్థులకు విన్నవింపఁగోరుచున్నాను.

మా తాతగారికి ఎనుబదియేండ్లు దాఁటినవి. 1957వ సంవత్సరమున విడుదలయైన 'మాయాబజార్' వారు బాల్యమునుండి ప్రీతితోఁ జూచిన చిత్రము. కొన్నియేండ్లుగా వారికి వినికిడి క్షీణించినందున, మేమందఱము టెలివిజను ముందుఁ గూర్చుండి నవ్వుచుండఁగా, వారు మాత్రము లేచి వరండాలోనికిఁ బోవుచుండిరి. ఇది చూచి మా యక్కయ్య వేసవి సెలవులలో నా చిత్రమందలి సంభాషణములనన్నిటిని విని, తెలుఁగు లిపిలో టైపుచేసి, యే మాట యే క్షణమునఁ గనఁబడవలయునో గుర్తించి యొక ఫైలు సిద్ధపఱచినది. మా పాత కంప్యూటరును టెలివిజనునకుఁ గలిపి యా యక్షరములను జిత్రముతోఁ గూడఁ జూపించు భారము నాపైఁ బడినది.

చిత్రపు ఫైలు ఒక పెట్టెవంటిది. బొమ్మయు ధ్వనియు నందులో వేర్వేఱుగా నదిమి యుంచఁబడును. పెట్టెను విప్పి యా రెంటిని వేఱుచేయునది స్ప్లిటరు. అదిమియున్నదానిని మరల విస్తరింపఁజేయునది డీకోడరు. అట్లు వచ్చిన బొమ్మను దెరపైఁ జూపునది రెండరరు. అక్షరములను బొమ్మపై నమర్చు భాగము వేఱొకటి. విండోసునందలి డైరెక్టుషో పద్ధతిలో నీ భాగములను ఎవరికి వలసినవానిని వారు తెచ్చి గొలుసువలెఁ గూర్చుకొనవచ్చును. ఎం.పి.సి.-హెచ్.సి. అను ప్లేయరును, లావ్ ఫిల్టర్లను, మ్యాడ్‌వీఆర్ అను రెండరరును ఇట్లు కూర్చుకొనువారు పెక్కురు గలరు.

కోడెకులనన్నిటిని మూటగట్టి యిచ్చు ప్యాకు నొకదానిని వేసికొమ్మని యొక మిత్రుఁడు నాకుఁ జెప్పెను. అయితే ఒకే పనికి నలుగురు పనివాండ్రున్నచో నెవరు చేయుదురన్న ప్రశ్న పుట్టును. డైరెక్టుషోలో నొక్కొక్క భాగమునకు 'మెరిట్' అను సంఖ్య యుండును. సాధారణముగా నెక్కువ సంఖ్య గలదే ముందు పిలువఁబడును. యజమాని కోరిన భాగము మూలనుండఁగా వేఱొకటి పనిచేయుట యిందువలననే సంభవించును. కావునఁ బనికొక్క భాగము చాలునని నిశ్చయించితిని. మ్యాడ్‌వీఆర్ మంచి నాణ్యముగల బొమ్మ నిచ్చునుగాని, దానికి బలమైన గ్రాఫిక్సు కార్డు కావలయును. మా పాత యంత్రమున కది తగదు.

మాకు బొమ్మ నాణ్యముకంటె నక్షరశుద్ధి ముఖ్యము. మొదటఁ బరీక్షించిన యొక ప్లేయరులో 'ఘటోత్కచుడు' అను పేరు చెదరిపోయినది. తకారము క్రింద నుండవలసిన కకారపు వత్తు మాయమై, పొల్లు తకారమును, దాని ప్రక్క విడి కకారమును గనఁబడెను. తెలుఁగు వ్రాఁతలో నక్షరములను వరుసగాఁ బేర్చినఁ జాలదు; గుణింతములను, వత్తులను వాని వాని స్థానములలోఁ గూర్పవలయును. దీనిని షేపింగు అందురు. లిబాస్ అను నక్షరభాగము, హార్ఫ్‌బజ్ అను లైబ్రరీ సాయముతో నీ పనిని జక్కఁగాఁ జేయును. 2013లో బయలుదేఱిన ఎం.పి.వి. అను ప్లేయరులో లిబాసును, బొమ్మను ధ్వనిని విప్పు ఎఫ్ఎఫ్ఎంపెగును ముందే కూడియున్నవి. కావున దాని నెన్నుకొంటిని. నోటో సాన్స్ తెలుగు అను ఫాంటు నమర్చి, తాతగారు కుర్చీనుండి చదువఁగలుగునంత పెద్దవిగా నక్షరములను జేసితిని.

మఱియొక చిక్కు మిగిలినది. ఫిల్ముపై సెకనునకు 24 బొమ్మలుండును. మా ప్రతియు నట్టిదే. టెలివిజనుతెర సెకనునకు 60 మాఱులు మాఱును. 24చే 60 సమముగా భాగింపఁబడదు గనుక నొక బొమ్మ రెండు మాఱులును, తరువాతిది మూఁడు మాఱులును నిలిచి, కెమెరా మెల్లగాఁ దిరుగునప్పుడు దృశ్యము కుదుపుతోఁ గదలును. తెరవేగమును 24కు మార్చఁగా నా కుదుపు తొలఁగినది.

ఆ రాత్రి తాతగారు వరండాలోనికిఁ బోలేదు. చిత్రము ముగియువఱకు మాతోఁగూడఁ గూర్చుండి, మేము నవ్వినచోట నవ్విరి. ఒకటి రెండుచోట్ల మాకంటె ముందే నవ్విరి. మఱునాఁ డుదయమున నక్కయ్యను బిలిచి, "అమ్మాయీ, రెండుచోట్ల మాట తప్పు పడినది" అని చెప్పి, సరియైన మాటలు వ్రాసిన కాగితము నామె చేతికిచ్చిరి. అక్కయ్య యా దినముననే వానిని దిద్దినది.

సోదరులారా, పరికరములలో నేది శ్రేష్ఠమని యడుగుటకు ముందు, దాని యెదుటఁ గూర్చుండువా రెవరని యడుగుఁడు. ఆ ప్రశ్నకుఁ బ్రత్యుత్తరము దొరకినచోఁ, దక్కిన యెన్నిక సులభమగును.